ముప్పై ఎనిమిదేళ్ల గృహిణి

పప్పు కుక్కర్ నాలుగు విజిల్స్ వేసేలోపు నేను ముప్పై పరిశోధన వ్యాసాల సారాంశాలు చూసేయగలను. పనికొచ్చేవి ఒక ఫోల్డర్‌లోకి, పనికిరానివి ఇంకో ఫోల్డర్‌లోకి, అనుమానంగా ఉన్నవి పేరు చివర ఒక ప్రశ్నార్థకం తగిలించి మూడోదాన్లోకి. సాయంత్రం కమలాకర్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూనే "దొరికాయా?" అంటాడు. అన్నం అయిందా అని అడిగే గొంతే అది.

"నువ్వు వెతికితే దొరక్కపోవడం ఉండదు ఉదయా. నీకు ఓపికెక్కువ." పదకొండేళ్లుగా వింటున్న మెచ్చుకోలు ఇది. ఓపిక కాదది, చదువు. డేటాబేస్‌లో ఏ మాటకి ఏ మాట జత చేయాలో, ఏ మాటని కొటేషన్లలో పెట్టాలో, ఏ మాట తోక కత్తిరించి నక్షత్రం గుర్తు పెడితే దాని బంధువులందరూ కదిలొస్తారో నాకు తెలుసు. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో నాలుగేళ్లు సుగంధ తైలాల మీద పని చేశాను. వట్టివేళ్ల నూనె ఏ నేలలో పెరిగిన వేరుదో ముందు వాసన చూసి చెప్పడం, తర్వాత మెషీన్‌తో సరిచూడటం. చాలాసార్లు మెషీన్ నా ముక్కు చెప్పిందే చెప్పేది. నా పేరు మీద రెండు పేపర్లు వచ్చాయి. పీహెచ్‌డీ మూడో ఏట పెళ్లయింది, కమలాకర్‌కి జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఉద్యోగం వచ్చింది. "అక్కడికెళ్లి పూర్తి చేసుకోవచ్చులే" అన్నారు అందరూ. ఇక్కడికొచ్చి నేను పూర్తి చేసినవి కమలాకర్ పేపర్లు. వాటి చివర కృతజ్ఞతల్లో ఎలుకల్ని సాకే ఆవిడ పేరుంటుంది, మైక్రోస్కోప్ బాగుచేసే ఆయన పేరుంటుంది. నా సంగతి ఒకసారి అడిగితే నవ్వాడు. "ఇంట్లో మనిషికి థాంక్స్ ఏంటి, మరీ ఫార్మల్‌గా!"

కమలాకర్ పరిశోధన కూడా వాసన మీదే. మెదడు వాసనని ఎలా గుర్తుపడుతుంది, ఎలా మర్చిపోతుంది అన్నది అతని విషయం. పెళ్లిచూపుల్లో మా అత్తయ్య శ్యామలాదేవి "ఇద్దరిదీ ఒకటే ముక్కు" అని అందరినీ నవ్వించింది.

2020 నవంబర్‌లో మా ముగ్గురికీ కొవిడ్ వచ్చింది. ఆరోగ్య శాఖ వాళ్లు, అదే గెజుంద్‌హైట్స్‌ఆమ్ట్ వాళ్లు, రోజూ ఫోన్ చేసి జ్వరం ఎంతని అడిగేవాళ్లు. కమలాకర్‌కి రెండు రోజులు ఒళ్లునొప్పులు. మా పాప భావనకి ఒక పూట జ్వరం. నాకు జ్వరం కూడా రాలేదు. ఆరో రోజు పొద్దున ఫిల్టర్‌లో డికాక్షన్ దిగుతుంటే నాకేమీ తెలియలేదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వేడి మాత్రం తగిలింది. ఇల్లంతా తిరిగాను. సబ్బు, ఇంగువ, కమలాకర్ విప్పిన చొక్కా, పాప మెడ. ఎక్కడా ఏమీ లేదు. అన్నీ ఫొటోల్లా ఉన్నాయి.

కమలాకర్‌కి చెప్పాను. "మూడు వారాల్లో వచ్చేస్తుంది" అన్నాడు. అని, లాప్‌టాప్ మూసి, నా వంక చూశాడు. అంత శ్రద్ధగా అతను నన్ను చూసి చాలా ఏళ్లయింది. మనసులో ఎక్కడో సంతోషం వేసిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

వాసన తిరిగి రాలేదు. డిసెంబర్‌లో దాని బదులు ఇంకొకటి వచ్చింది. కాలిన వెంట్రుకల వాసన. ఎప్పుడొస్తుందో తెలియదు. గిన్నెలు తోముతుంటే, బట్టలు మడతపెడుతుంటే, ఎవరో నా భుజం వెనక నిలబడి ఒక జడ కొసకి అగ్గిపుల్ల అంటించినట్టు గుప్పుమనేది. వెనక్కి తిరిగితే తెల్లటి గోడ. ఒకరోజు పాపకి తల దువ్వుతున్నాను. వాసన దాని తల్లోంచే వచ్చింది. పాప తల కాలిపోతోందనిపించి పరుగెత్తుకెళ్లి చెయ్యి తడుపుకొచ్చి నడినెత్తిన పెట్టాను. భావన విదిలించుకుంది. "మమా, వాస్ మాఖ్స్ట్ దూ?" ఏం చేస్తున్నావని జర్మన్‌లో అడిగి, నా ముఖం చూసి తెలుగులోకి వచ్చింది. "ఏం వాసన లేదు మమా. ఏం లేదు."

ఆ సాయంత్రమే కమలాకర్ నీలం అట్ట నోట్‌బుక్ ఒకటి తెచ్చిచ్చాడు. "రోజూ ఏం వాసన వచ్చిందో, అప్పుడేం చేస్తున్నావో రాయి. తెలుగులోనే రాసుకో. రాస్తే భయం తగ్గుతుంది." రాశాను. లాక్‌డౌన్‌లో మాట్లాడటానికి ఎవరున్నారు? హైడెల్‌బర్గ్ శివార్లలో, కిర్ఖ్‌హైమ్‌లో, మా ఇల్లు ట్రామ్ చివరి స్టాపు దగ్గర. ఖాళీ ట్రాములు శ్మశానం గేటు దాకా వచ్చి, ఎవరూ దిగకుండానే మళ్లీ తిరిగి వెళ్లేవి. నేను ఆ నోట్‌బుక్‌తో మాట్లాడుకున్నాను.

జనవరిలో ఇల్లు నాకు లొంగకుండా పోయింది.

మొదట ఇంగువ. చారు నోట్లో పెట్టుకుని కమలాకర్ "ఇంగువ వేయలేదా?" అన్నాడు. వేశాను. చెంచాతో కొలిచి మరీ వేశాను. "వేశాననుకుంటున్నావేమో" అన్నాడు మెల్లగా. మర్నాడూ అంతే. మూడో రోజు డబ్బా తీసి పాపకి చూపిస్తే, వాసన చూసి "యా, ఇంగువే" అంది. ఆ రోజు చారులో ఇంగువ ఉందన్నాడు కమలాకర్ కూడా.

తర్వాత పాలు. పొద్దున భావన మ్యూస్లీ మీద పాలు పోసి ఇచ్చాను. ఒక గుక్క మింగి బల్ల మీదే కక్కేసింది. సరిగ్గా అప్పుడే తెనాలి నుంచి అత్తయ్య వీడియో కాల్‌లో ఉంది. "పిల్లకి పాడైన పాలు పోస్తావా అమ్మాయ్! ముక్కు లేకపోతే కళ్లు కూడా లేవా?" డబ్బా మీద తేదీ చూశాను. ఇంకా పది రోజులుంది. పొద్దునే కమలాకర్ తెరిచిపెట్టిన డబ్బా. కమలాకర్ ఫోన్ పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. కాసేపటికి వచ్చి గిన్నె తీసి సింక్‌లో పారబోసి, "పర్లేదు, ఇకమీద పాలు నేను చూసుకుంటాలే" అన్నాడు. ఎంత మంచివాడనుకున్నాను.

ఇంకో మధ్యాహ్నం, స్టవ్ దగ్గర నిలబడి ఉండగా కాలిన వాసన వచ్చింది. అలవాటైంది కాబట్టి వెనక్కి తిరగలేదు. కాసేపయ్యాక నేల ఊడుస్తుంటే నల్లటి మసి రేకు ఒకటి చీపురుకి తగిలింది. వేలితో ముడితే పొడి అయిపోయింది. తలెత్తి చూస్తే కారిడార్ కప్పుకి ఉండే పొగ అలారం లేదు. దాన్ని బిగించే చక్రం మాత్రం గుండ్రంగా ఖాళీగా ఉంది. కమలాకర్ గదిలోంచి బయటికొచ్చి "బ్యాటరీ అయిపోయింది, మారుస్తున్నా" అన్నాడు. "ఏమన్నా కాలిందా?" అని అడిగాను. "ఏం కాలలేదు ఉదయా. నీకు మళ్లీ వచ్చిందా? నోట్‌బుక్‌లో రాయి."

రాశాను. "ఈరోజు మసి కూడా కనిపించింది. వాసన కళ్లలోకి దిగుతోందేమో. పిచ్చి ఇలాగే మొదలవుతుందా?" అని రాశాను. ఆ తర్వాత వారం రోజులు స్టవ్ ఆపేశాక కూడా మూడేసి సార్లు వెనక్కొచ్చి చూసుకున్నాను. పాపని నా దగ్గర ఒంటరిగా వదిలి వెళ్లొద్దని కమలాకర్‌ని నేనే బతిమాలుకున్నాను.

ఏప్రిల్‌లో స్కూలు ఒక వారం బడిలో, ఒక వారం ఇంట్లో నడుస్తోంది. ఆ మంగళవారం భావన ఇంట్లోనే ఉంది. పక్క గదిలో టాబ్లెట్ ముందు లెక్కలు చేస్తోంది. కుక్కర్ పెట్టి, కమలాకర్ అకౌంట్‌తో డేటాబేస్ తెరిచాను. ఈసారి అతనేమీ అడగలేదు. నా కోసమే వెతుక్కుందామనుకున్నాను, కొవిడ్ తర్వాత లేని వాసనలు వచ్చేవాళ్లు లోకంలో ఎంతమంది ఉన్నారో, వాళ్లకి తగ్గిందో లేదో.

వెతికే గడిలో క్లిక్ చేయగానే కింద పాత వెతుకులాటలు వరసగా జారాయి. నేను టైప్ చేసినవి కావు. "కాలిన వాసన, భ్రాంతి." "గృహ వాతావరణంలో ఘ్రాణ పరీక్ష." "పరిశీలకుడిగా జీవిత భాగస్వామి." తారీఖులు చూశాను, డిసెంబర్‌వీ, జనవరివీ. అంటే కమలాకర్ కూర్చుని స్వయంగా వెతికాడన్నమాట, నా జబ్బు గురించి, నాకు చెప్పకుండా. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క వ్యాసం సొంతంగా వెతుక్కోని మనిషి నా కోసం ఇంత వెతికాడు!

నా మాటలు నేను పేర్చుకున్నాను. నూట పన్నెండు వ్యాసాలు వచ్చాయి. వ్యాసాలు ఏరేటప్పుడు రచయితల పేర్లు కనపడకుండా పెట్టుకోవడం నా అలవాటు. పేరు చూస్తే గౌరవమో చులకనో ముందే వచ్చేస్తుంది. పద్దెనిమిదోది రెండు రోజుల కిందటే వచ్చింది. "కొవిడ్ అనంతరం కాలిన వాసన భ్రాంతి: ఇంటి వాతావరణంలో ఒక కేసు పరిశీలన." తెరిచాను.

"రోగి ముప్పై ఎనిమిదేళ్ల గృహిణి. దక్షిణాసియా మూలం, జర్మనీ నివాసం. ఒక కుమార్తె. వాసనలకు సంబంధించి ఎటువంటి శిక్షణా లేదు."

ఎవరో నాలాంటిదే. నా వయసుదే. ఈ దేశంలోనే ఎక్కడో ఉంది. ఒక్కసారి గుండె తేలికైంది. ఈమె ఎవరో కనుక్కోవాలి, ఉత్తరం రాయాలి, ఒక్కసారైనా ఫోన్‌లో మాట్లాడాలి అనుకుంటూ కిందికి వెళ్లాను. ఈమెకీ వెంట్రుకలు కాలిన వాసనే. ఈమె కూడా గిన్నెలు తోముతున్నప్పుడు వెనక్కి తిరిగి చూస్తుంది. ఆ తర్వాతి వాక్యం ఇంగ్లీషులో ఇలా ఉంది. "కుమార్తె తల దువ్వుతుండగా తల కాలుతోందని భావించి రోగి తడి చేతిని ఆమె నడినెత్తిన ఉంచింది."

కుక్కర్ విజిల్ వేసింది. నేను లేవలేదు.

నోట్‌బుక్‌లో నేను రాసిన ప్రతి మాటా అక్కడ ఉంది. ఎవరితోనూ అననివి, అనుకోవడానికి కూడా భయపడినవి చక్కటి ఇంగ్లీషులో, కొటేషన్లలో ఉన్నాయి. "పిచ్చి ఇలాగే మొదలవుతుందా" అన్నది కూడా ఉంది. నేను రాయనివి కూడా ఉన్నాయి. "పాప నిద్రపోయాక రోగి ఆమె దిండు వాసన చూస్తుంది, సగటున నాలుగు నిమిషాలు." నేను ఒంటరిగా ఉన్నాననుకున్న ప్రతిచోటా ఒక గడియారం నడిచింది.

ఆ తర్వాత "పద్ధతులు" అనే భాగం. దాన్ని చదివినంత నెమ్మదిగా నేను దేన్నీ చదవలేదు. రోగికి తెలియకుండా ఇంటి వస్తువుల్లో మార్పులు చేయబడ్డాయి. తొమ్మిదో రోజు, పదో రోజు: ఇంగువ స్థానంలో శనగపిండి. పదకొండో రోజు: ఇంగువ తిరిగి ఉంచబడింది. ఇరవై మూడో రోజు: పాడైన పాలను తాజా డబ్బాలో నింపి రోగి స్పందన గమనించబడింది. రోగి గుర్తించలేదు, పాలు కుమార్తెకు వడ్డించింది. ముప్పై ఒకటో రోజు: భ్రాంతికీ వాస్తవానికీ తేడా తెలుస్తుందో లేదో చూడటానికి రోగి వెనుక రెండు మీటర్ల దూరంలో కాగితమూ కొన్ని వెంట్రుకలూ కాల్చబడ్డాయి. పొగ అలారం తాత్కాలికంగా తొలగించబడింది. రోగి వెనక్కి తిరగలేదు.

అన్నీ "బడ్డాయి". చేసిన మనిషి ఒక్క వాక్యంలోనూ లేడు. రచయితల పేర్లు దాచిన గుర్తు తీసేశాను. మొదటి పేరు కమలాకర్‌ది, చివరి పేరు వాళ్ల ప్రొఫెసర్‌ది. కింద చిన్న అక్షరాల్లో "రోగి లిఖితపూర్వక అంగీకారం తీసుకోబడింది" అని ఉంది. జనవరిలో, నవంబర్ క్వారంటైన్ తాలూకు కాగితాలని చెప్పి జర్మన్‌లో ఉన్నవి ఐదారు నా ముందు పెట్టి, "ఇక్కడా, ఇక్కడా" అని వేలితో చూపించాడు. కూర మాడిపోతుందేమోనని, అంటే నాకు మాడినా తెలియదు కదా అని, చదవకుండా సంతకాలు చేసి వంటింట్లోకి పరుగెత్తాను.

స్టవ్ ఆపేసి పక్క గదిలోకి వెళ్లాను. భావన పక్కన నేల మీద కూర్చున్నాను.

"చిన్నీ, నాన్న వంటింట్లో డబ్బాలు మార్చడం నువ్వెప్పుడైనా చూశావా?"

టాబ్లెట్ మీంచి చూపు ఎత్తకుండానే తలూపింది. "యా. ఎక్స్‌పెరిమెంట్ కదా."

"నాకెందుకు చెప్పలేదు?"

ఇప్పుడు నా వంక చూసింది. తొమ్మిదేళ్ల పిల్ల, ఏదో తప్పు జరిగిందని అప్పుడే తెలుస్తోంది దానికి. "నాన్న చెప్పొద్దన్నాడు. మమాకి తెలిస్తే లెక్కలోకి రాదు అన్నాడు." మళ్లీ తనే అడిగింది. "పాలు కూడా ఎక్స్‌పెరిమెంటా? అది నాకు చెప్పలేదు."

ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పి దాన్ని కాపాడొచ్చని ఒక్క క్షణం అనిపించింది. ఇంట్లో ఇప్పటికే చాలా అబద్ధాలున్నాయి. "అవును" అన్నాను. భావన టాబ్లెట్ బోర్లించి నా ఒళ్లో తల పెట్టుకుంది. దాని జుట్టులోంచి మళ్లీ ఆ వాసన వచ్చింది. చెయ్యి తడుపుకోవడానికి లేవలేదు. అలాగే నిమురుతూ కూర్చున్నాను.

నాలుగున్నరకి కమలాకర్ వచ్చాడు. మాస్క్ తీసి కొక్కేనికి తగిలించి, చేతులు కడుక్కుని, బల్ల మీద తెరిచి ఉన్న లాప్‌టాప్ చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"ఓ, ఆన్‌లైన్‌లో వచ్చేసిందా! మే నెలన్నారే!"

అతనికి తట్టిన మొదటి మాట అది. నేను చూస్తూ ఉండేసరికి రెండో మాట వెతుక్కున్నాడు. "నీకు చెప్దామనే అనుకున్నా. సర్‌ప్రైజ్‌గా."

"పాలు?"

"ఒక్క గుక్కే కదా తాగింది. నేనక్కడే ఉన్నాను. అంతా కంట్రోల్‌లోనే ఉంది."

"పొగ అలారం?"

"ఇరవై నిమిషాలు. నీళ్ల బకెట్ కూడా పెట్టుకున్నా తెలుసా, పక్కనే."

పదకొండేళ్లుగా అతన్ని మీరు అని తప్ప పిలవలేదు. మా పుట్టింటి హన్మకొండ మాట పాపకి అంటించొద్దని అత్తయ్య ఎప్పుడో అంటే, దాన్ని కూడా గొంతు కిందకి నెట్టేసుకున్నాను. రెండూ ఒకేసారి పైకి వచ్చాయి.

"నన్నెందుకు అడగలె నువ్వు?"

అతను ఉలిక్కిపడ్డాడు. ప్రశ్నకి కాదు, నువ్వుకి. "అడిగితే నీకు తెలిసిపోతుంది కదా ఉదయా. నీకు తెలిస్తే..."

"లెక్కలోకి రాదు."

"అదే. సైన్స్ తెలిసిన మనిషివి, నీకు నేను చెప్పాలా?"

"సైన్స్ తెలిసిన మనిషినా? వాసనల్లో ఏ శిక్షణా లేని గృహిణి అని రాసినవు. నాలుగేళ్లు నేను చేసిందేంది?"

అప్పుడు మాత్రం చూపు తిప్పుకున్నాడు. "అది రాస్తే రివ్యూయర్లు పట్టుకుంటారు. ట్రెయినింగ్ ఉన్న ముక్కు అంటే మామూలు వాళ్లకి వర్తించదంటారు, కేసు వీకైపోతుంది. జూన్‌లో నా పర్మనెంట్ పోస్టు ఇంటర్వ్యూ. ఇల్లు, పాప స్కూలు, మన ఇక్కడి బతుకంతా దాని మీదే ఉంది. నేనిదంతా ఎవరి కోసం చేస్తున్నాను?" గొంతు మెత్తబరిచి దగ్గరికొచ్చాడు. "పైగా ఎందుకింత బాధ చెప్పు? చూడు, నీ పేరు ఎక్కడా లేదు కదా!"

నన్ను ఓదార్చడానికే అన్నాడు ఆ మాట. నిజాయితీగానే అన్నాడు. అతని కళ్లలో కపటం వెతికాను, లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. కాలిన వెంట్రుకలతో నా వెనక నిలబడ్డప్పుడు కూడా ఈ కళ్లు ఇలాగే ఉండి ఉంటాయి, శాంతంగా, శ్రద్ధగా.

"మీ ఇన్‌స్టిట్యూట్ గెస్ట్‌హౌస్ ఖాళీగనే ఉంది కదా. కొన్నాళ్లు అక్కడ ఉండు" అన్నాను.

నమ్మలేదు. నవ్వాడు, కోప్పడ్డాడు, తెనాలికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "వాడేమన్నా తాగొచ్చి కొట్టాడా అమ్మాయ్?" అంది అత్తయ్య. "నీ జబ్బు గురించి నలుగురికీ పనికొచ్చేట్టు రాశాడు. దానికింత రాద్ధాంతమా?"

"అత్తయ్యా, ఆ రోజు పాడైన పాలు పోశానని నన్ను తిట్టారు గుర్తుందా? ఆ డబ్బాలో అవి పోసింది మీ అబ్బాయి."

"సరేలే, వాడి పని వాడిది" అంది అత్తయ్య. "అయినా పిల్లకిచ్చే ముందు తల్లి చూసుకోవద్దా?"

ఫోన్ పెట్టేసింది కమలాకరే. బట్టలు సర్దుకున్నాడు. ఛార్జర్లు, షేవింగ్ సెట్, అలమారలోంచి నీలం నోట్‌బుక్. దాన్ని సంచిలో పెట్టుకోబోతుంటే చెయ్యి చాచాను.

"అది ఇక్కడ పెట్టు."

"ఇది డేటా ఉదయా. రెండో పేపర్‌కి కావాలి. ఆర్నెల్ల తర్వాత నువ్వెలా ఉన్నావో..." అని ఆగిపోయాడు.

"అది నా చేతిరాత."

నోట్‌బుక్ బల్ల మీద పెట్టి వెళ్లాడు. కిటికీలోంచి చూశాను. స్టాపులో ఒక్కడే నిలబడ్డాడు. ట్రామ్ వచ్చింది, ఎక్కాడు, అది తిరిగి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున భావనకి పాలు కాచి ఇచ్చాను. ఇచ్చే ముందు గ్లాసు దాని ముక్కు దగ్గర పెట్టి "బాగున్నాయా?" అని అడిగాను. బాగున్నాయంది. మళ్లీ అడిగాను. "మమా, బాగున్నాయి" అని నా చెయ్యి పట్టుకుంది. ఇలా ఎన్నాళ్లు అడుగుతానో తెలియదు. ఇంగువ డబ్బా తీసి వెలుతురులో పెట్టి చూశాను. పిండిలాగే ఉంది. నిజంగా ఇంగువో కాదో ఇప్పటికీ నాకు నా అంతట తెలిసే దారి లేదు.

తర్వాత లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఆ పత్రిక వాళ్ల వెబ్‌సైట్‌లో, వచ్చిన వ్యాసం మీద అభ్యంతరాలు తెలిపే పేజీ ఒకటుంది. నాలుగుసార్లు తెరిచి మూశాను. జూన్ ఇంటర్వ్యూ గుర్తొచ్చింది. భావన స్కూలు, అది జర్మన్‌లో కనే కలలు, ఈ ఇంటి మియెటె, అదే అద్దె, నెలనెలా ఎవరి ఖాతాలోంచి వెళ్తుందో అన్నీ గుర్తొచ్చాయి. పంపితే ఏమవుతుందో నాకు తెలుసు. పంపకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఆర్నెల్ల తర్వాత ముప్పై తొమ్మిదేళ్ల గృహిణి వస్తుంది.

రాయడం మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు. ఇంగ్లీషులో, వాళ్ల పద్ధతిలోనే రాశాను, కానీ ప్రతి వాక్యంలోనూ చేసిన మనిషిని పెట్టాను. ఎవరు పాలు మార్చారు, ఎవరు అలారం తీశారు, అప్పుడు ఇంట్లో ఉన్న బిడ్డ వయసెంత. సంతకం ఏ కాగితమని చెప్పి పెట్టించారు. రోగికి వాసనల్లో నాలుగేళ్ల శిక్షణ ఉందని రాసి, నా రెండు పేపర్ల వివరాలు ఇచ్చాను. అందువల్ల ఈ వ్యాసం తేల్చిన మూడు ఫలితాల్లో రెండు నిలబడవని, ఎందుకు నిలబడవో ఒక పేరాలో వివరించాను. చాలా ఏళ్ల తర్వాత నా కోసం నేను రాసుకున్న పేరా అది. రెండుసార్లు చదువుకున్నాను. బాగుంది.

నోట్‌బుక్‌లో పేజీలు ఫొటోలు తీసి జతచేశాను. నా తెలుగు పక్కన వాళ్లు అచ్చేసిన ఇంగ్లీషు వాక్యాలు ఒక్కొక్కటీ పెట్టాను. ఇరవై ఏడున్నాయి. "భయం" అని నేను రాసినచోటల్లా "అసౌకర్యం" అని ఉంది.

పేరు అడిగారు. చిట్యాల ఉదయశ్రీ అని రాశాను. చివర ఒక గడి మిగిలింది. ఈ వ్యాసంతో మీకున్న సంబంధం ఏమిటి? బాణం గుర్తు నొక్కితే జాబితా జారింది. రచయిత. సమీక్షకులు. పాఠకులు. ఇతరులు. రోగి అన్న మాట అందులో లేదు. ఒక రోగి ఈ పేజీ దాకా వస్తుందని ఎవరూ అనుకోలేదు కాబోలు. ఈ దేశంలో ఏ కాగితం నింపినా నాకు మిగిలేది ఆఖరి గడే, వేలు అలవాటుగా అక్కడికే వెళ్లింది.

మళ్లీ పైకి వచ్చి, "రచయిత" అన్నదాని మీద నొక్కి, పంపించేశాను.